‘లారీ’ శబ్దవిచారము

లోకవ్యవహారమున ననుదినము వినవచ్చుచున్న పదములను విచారించుట పండితులకంత యావశ్యకము గాదని తలఁచువారు గలరు. కావ్యప్రయోగము లేని పదమునకు వ్యుత్పత్తి యేల, నిఘంటువున స్థానమేల యని వారి ప్రశ్నము. అయినను రావులపాలెమునుండి యరఁటిగెలలును, అంబాజీపేటనుండి కొబ్బరికాయలును, కడియమునుండి పూలమొక్కలును నేఁడు దేశాంతరములకుఁ బోవుట యే సాధనముచేత నని యడిగినచో, చదువురాని కూలివాఁడును జదివిన యధికారియు నొక్కమాటయే చెప్పుదురు. ఆ మాట ‘లారీ’. ఇంత వ్యాప్తిగల పదమునకు మూలార్థమెట్టిది? అది యెక్కడఁ బుట్టినది? తెలుఁగువ్యాకరణము దాని నేవిధమున గ్రహించినది? ఈ మూఁడు ప్రశ్నములకు యథాశక్తి సమాధానము చెప్పుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

అర్థవిచారము

లారీ యనఁగా బరువైన సరకులను మోయు యంత్రశకటము. ఈ యర్థమున నీపదము బ్రిటనుదేశపు టాంగ్లమునకుఁ జెందినది. అమెరికావారీ వాహనమునే ‘ట్రక్కు’ అందురు. భారతదేశమున నుత్తరప్రాంతములయందు ట్రక్కుశబ్దమునకును దక్షిణమున లారీశబ్దమునకును బ్రాచుర్యమెక్కువ. శాసనకర్తలు మాత్రమీ రెండుమాటలను విడిచి, 1939 నాఁటి మోటారువాహనముల చట్టమునను 1988 నాఁటి చట్టమునను ‘సరకుల వాహనము’ అను నర్థమిచ్చు పారిభాషికపదములనే వాడిరి. చట్టపుమాట కాగితములలో నిలిచినది. లారీమాట నోళ్లలో నిలిచినది.

ఆంగ్లమున నీపదమునకు మొదట మోటారుతో సంబంధమే లేదు. 1838 ప్రాంతమున నిది రైలుదారుల పనులకు సంబంధించిన మాటగాఁ గానవచ్చుచున్నది. అప్పటి యర్థము, ప్రక్కపలకలు లేక నాలుగు చిన్నచక్రములమీఁద నమర్చిన పొడవైన బల్లబండి యని. పిదప వీథులలో గుఱ్ఱములు లాగు నట్టి బండికిని నాపేరు చెల్లెను. 1896లో జర్మనీదేశమున డైమ్లరు మోటారుచే నడచు సరకులబండిని నిర్మించెను. ఆ సంవత్సరముననే ఇంగ్లండున థార్నిక్రాఫ్టువారి యావిరిబండియు వెలువడెను. లాంకషైరున నావిరిబండ్లు చేయుటకు 1896లోనే యేర్పడిన సంస్థ 1907లో ‘లేలండు మోటార్సు’ అను పేరు దాల్చెను. మద్రాసునందు 1948లో స్థాపితమైన అశోక్ మోటార్సునకు 1955లో ‘అశోక్ లేలండు’ అను పేరు వచ్చుట దీని సంబంధముచేతనే. మోటారుతో నడచు సరకులబండి యను నర్థమున లారీశబ్దము 1911 నాఁటి వ్రాఁతలయందుఁ గనఁబడుచున్నది.

కావున వస్తువుకంటెఁ బదము దాదాపఱువదియేండ్లు పెద్దది. బండి మాఱినది, లాగు శక్తి మాఱినది, నడచు దారియు మాఱినది; పేరుమాత్రము మాఱలేదు. ఇట్టి యర్థసంక్రాంతి మన యాలంకారికులకుఁ గ్రొత్తది గాదు. ‘ప్రవీణ’శబ్దము వీణావాదననైపుణ్యమును విడిచి సర్వవిధనైపుణ్యమునందును రూఢమైనట్లును, నువ్వులనూనెకుఁ జెల్లిన ‘తైల’శబ్దము సర్వస్నేహద్రవ్యములకును వ్యాపించినట్లును, లారీశబ్దము పట్టాలమీఁది బల్లబండినుండి రాచబాటమీఁది యంత్రశకటమునకుఁ బ్రాఁకినది.

వ్యుత్పత్తివిచారము

ఈ పదముయొక్క పుట్టుకనుగూర్చి యాంగ్లనిఘంటుకారులలో నేకాభిప్రాయము లేదు. రెండుమతములు ముఖ్యముగాఁ బేర్కొనఁదగినవి. మొదటిది, ‘లర్రీ’ అను క్రియనుండి యీపదము పుట్టినదనుట. ఆ క్రియకు లాగుట, ఈడ్చుట యని యర్థము. అది 16వ శతాబ్ది యుత్తరార్ధమునుండి యాంగ్లమునఁ గలదు. అయితే ఆ క్రియకే మూలము తెలియరాదు. రెండవది, ‘లారీ’ యను నుచ్చారణముగల మనుష్యనామమునుండి యిది వచ్చియుండునని యూహించుట. ‘లారెన్సు’ అను పేరునకది ముద్దుపేరు. ఆ పేరు గలవాఁడెవ్వఁడో యీ బండిని గల్పించియుండుననుటకు నిదర్శనము మాత్రము లేదు. ఇవిగాక ఉత్తర ఇంగ్లండునందలి గనులలో ‘రాలీ’ యనియు, యార్కుషైరున ‘రల్లీ’ యనియు నిట్టి బల్లబండ్లకుఁ బేళ్లుండుట పోల్పఁదగియున్నది. రేఫలకారములు స్థానములు మార్చుకొనిన ‘రల్లీ’ ‘లర్రీ’ యగును. మన నైరుక్తులు ‘హింస’ ధాతువునుండి ‘సింహ’శబ్దమును సాధించునపుడుఁ జెప్పు వర్ణవిపర్యయమిట్టిదే. అయినను సాదృశ్యము నిశ్చయము గాదు.

ఈ మతభేదమును జూచినప్పుడు మన శాస్త్రములఁ జదివినవారికి యాస్కుని నిరుక్తము స్ఫురింపక మానదు. నామములన్నియు నాఖ్యాతములనుండియే పుట్టినవని శాకటాయనుఁడును నైరుక్తులును జెప్పిరి. అన్నియు నట్లు పుట్టలేదని గార్గ్యుఁడును వైయాకరణులలోఁ గొందఱును వాదించిరి. ‘లర్రీ’ క్రియనుండి లారీశబ్దము పుట్టినదనువారు శాకటాయనుని పక్షము. మనుష్యనామమునుండి వచ్చినదనువారు గార్గ్యుని పక్షమునకు సమీపవర్తులు. పతంజలి చతుర్విధశబ్దప్రవృత్తిని జెప్పుచు జాతిగుణక్రియాశబ్దములతోపాటు ‘డిత్థ’ మొదలైన యదృచ్ఛాశబ్దములనుగూడఁ బేర్కొనెను. లారీశబ్దము క్రియాశబ్దమా, యదృచ్ఛాశబ్దమా యనునదే యిక్కడి వివాదసారము.

శాకటాయనుని పేరే శకటసంబంధమైనది. మహాభాష్యమునం దాయననుగూర్చి యొక యితిహాసము గలదు. పరోక్షార్థమున లిట్టును విధించు సూత్రముపై భాష్యకారుఁడు దానిని జెప్పెను. వైయాకరణశ్రేష్ఠుఁడైన శాకటాయనుఁడు రథమార్గమునఁ గూర్చుండియు నెదుటఁ బోవుచున్న బండ్లబారు నెఱుఁగకపోయెనఁట. మనస్సుతోఁ గూడిన యింద్రియములే విషయమును గ్రహించునని చూపుటకు భాష్యకారునకది యుదాహరణము. మనకిక్కడ నింకొక యుపయోగము గలదు. మన లాక్షణికులును శతాబ్దములుగా రథమార్గముననే కూర్చున్నారు. ఎదుట పోయిన బండ్లను, వానితో వచ్చిన మాటలను లెక్కింపలేదు.

సజాతీయశబ్దములు

వాహనవాచకములలోఁ గొన్నింటి పుట్టుక లారీశబ్దమువలె మఱుఁగుపడక స్పష్టముగా నున్నది. ‘ట్రక్కు’ చిన్నచక్రమను నర్థమున 17వ శతాబ్దియందే యాంగ్లమునఁ గలదు. ఓడలమీఁది ఫిరంగులకుఁ గ్రింద నమర్చు చక్రములకాపేరు చెల్లెను. చక్రవాచకమగు ‘ట్రోఖోస్’ అను గ్రీకుశబ్దము దీనికి మూలమని చెప్పుదురు; ఆ శబ్దమునకుఁ బరుగెత్తుట యను నర్థముగల ధాతువు ప్రకృతి. ‘వ్యాను’ పారసీకమగు ‘కార్వాన్’ శబ్దము ఐరోపాభాషలలోఁ జేరి, తల తెగి, తోఁక మిగిలినది.

‘బస్సు’ కథ వైయాకరణులకు మిక్కిలి ప్రీతికరము. లాటినుభాషయందు ‘ఓమ్నిబుస్’ అనఁగా ‘అందఱికొఱకు’ అని యర్థము. 1820లలో ఫ్రాన్సుదేశమున జనసామాన్యమెక్కు పెద్దబండ్ల కాపేరు పెట్టిరి. ఆంగ్లేయులు దానిని గుదించి ‘బస్’ అనిరి. ప్రకృతి పోయినది, చతుర్థీబహువచనప్రత్యయము మాత్రము మిగిలినది. ఆ ‘బుస్’ ప్రత్యయము మన ‘భ్యస్’ ప్రత్యయమునకు సోదరమని తులనాత్మకభాషాశాస్త్రజ్ఞులు నిరూపించిరి. ‘సర్వేభ్యః’ అను పదమున సర్వశబ్దమును దీసివైచి, మిగిలిన విభక్తినే వాహనమునకుఁ బేరుగాఁ బెట్టిన నెట్లుండునో బస్సు అట్లున్నది. కేవలప్రత్యయమునకుఁ బ్రయోగము లేదని మనము బాలురకుఁ జెప్పుచుండఁగా, రాజమహేంద్రవరపు వీథులలో విభక్తిప్రత్యయమే మనుష్యులను మోయుచుఁ దిరుగుచున్నది.

లారీక్రింది ‘యాక్సిలు’ను జూచినను నిట్టి బాంధవ్యమే తెలియును. వేదములలో రథముయొక్క ఇరుసునకుఁ జెల్లిన ‘అక్ష’శబ్దమును, లాటినుభాషలోని ‘ఆక్సిస్’ను, ఆంగ్లమునందలి యీ మాటయు నేకమూలకములు. బండిపేరు తెలియకపోయినను దాని యిరుసుపేరు మనకుఁ జుట్టమే.

రైలునిబంధనలలో లారీ

లారీశబ్దముయొక్క ప్రాచీనార్థము పూర్తిగా నశించినదనుకొనరాదు. భారతీయరైల్వేల 1976 నాఁటి సామాన్యనిబంధనలలో అది నిలిచియున్నది. పట్టాలమీఁదనుండి నలుగురు మనుష్యులెత్తి తొలఁగింపఁగల బండి ‘ట్రాలీ’ యనియు, అట్టిదే యయి యంతకంటె బరువైనది ‘లారీ’ యనియు నందు లక్షణము చెప్పఁబడినది. ట్రాలీమీఁదఁ బట్టాలసామగ్రి మొదలైన బరువులు, అత్యవసరమునఁ దప్ప, వేయరాదు. అట్లు వేసినపుడా ట్రాలీయే యా నిబంధనల నిమిత్తము లారీగా భావింపఁబడును.

ఇది చక్కని యతిదేశము. ఆదేశము స్థానివలెఁ గార్యమును బొందునని పాణిని చెప్పినట్లు, ట్రాలీ స్వరూపముచే ట్రాలీయే యయినను గార్యమున లారీవంటిదగును. అది యెక్కిన బరువుచేతఁ బేరు మాఱుచున్నది. 1838 ప్రాంతపు టాంగ్లమున నే యర్థము గలదో, దాదాపాయర్థమే యిట నిలిచియున్నది. జర్మనుభాషయందును ‘లోరె’ యను రూపమున నీపదము పట్టాలమీఁది తెఱపిబండికే నేఁటికిని జెల్లుచున్నది. జపానుదేశమున మాత్రము ద్రవపదార్థములను మోయు బండిని ‘టాంకురోరీ’ యందురు. ఇట్లు మూలదేశమున మఱుఁగుపడిన యర్థములు దూరదేశములలో నిలుచుట శబ్దచరిత్రలో సామాన్యము.

గోదావరీమండలమున బండ్లును బడవలును

ఇఁక మన మండలమునకు వత్తము. ధవళేశ్వరమువద్ద ఆర్థర్ కాటను 1847లో నారంభించిన యానకట్ట 1852లో ముగిసెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగుభాగములుగా నది కట్టఁబడెను. ఆ పనికి ధవళేశ్వరపుకొండలలోఁ గొట్టిన ఱాతిని మోయుటకు నినుపపట్టాలు పఱచిరి. అంతకుఁబూర్వము 1837లోనే మద్రాసుసమీపమున రెడ్‌హిల్సువద్ద ఱాయి మోయుటకుఁ బట్టాలు పఱచుటలోఁ గాటనునకుఁ బ్రమేయము గలదు. బొంబాయినుండి ఠాణాకుఁ బ్రయాణికుల రైలు నడచినది 1853లో. కనుక జనులు రైలెక్కకమున్నే మన సీమలో ఱాళ్లు పట్టాలబండ్ల నెక్కినవి. లారీశబ్దపు మొదటి యర్థమునకుఁ దగిన వస్తువు, పేరు రాకమునుపే, గోదావరియొడ్డున నుండెను.

అయినను గాటనునకు రైలుకంటె నీటిదారియం దభిమానమెక్కువ. కాలువలు పొలములకు నీరిచ్చుటయేగాక పడవలను మోయవలెనని యాయన వాదించెను. తత్ఫలితముగా డెల్టాయందలి ధాన్యము చాలకాలము పడవలమీఁదనే పోయెను. ఆ కాలువలతోపాటు మన భాషలోఁ బ్రవేశించిన మాట ‘లాకు’. నీటిమట్టము హెచ్చుతగ్గులుగల తావులఁ బడవలను దాఁటించు తలుపులకట్టడమునకు నాంగ్లమునఁ గల పేరునకిది తెలుఁగురూపము. నేఁడు పడవలు లేకున్నను లాకులపేరు లేని గ్రామభాగము డెల్టాలో నరుదు.

ఇచ్చిపుచ్చుకొనుట యేకముఖముగా జరుగలేదు. ద్రావిడమగు ‘అణైక్కట్టు’ ఆంగ్లమునఁ జేరి ‘ఆనికట్’ అయి నిఘంటువుల కెక్కినది. మన ‘బండి’ తమిళపు ‘వండి’తోఁ గూడ ‘బాండీ’యై దక్షిణదేశమందలి యాంగ్లేయుల వాడుకలోఁ జేరినది, యూలు, బర్నెలు అను వారు 1886లో వెలువరించిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువున దానికి స్థానము గలదు. ఆంగ్లేయుఁడు మన బండిమాటను దన నిఘంటువునఁ జేర్చుకొనుటకు లజ్జింపలేదు.

1900 సంవత్సరమున రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై హావ్‌లాకు వంతెన తెఱవఁబడెను. అది రైలునకే గాని బాటబండ్లకుఁ గాదు. 1974లో రైలును రోడ్డును గల వంతెన కొవ్వూరు రాజమహేంద్రవరముల నడుమ నేర్పడుదాఁక నక్కడ లారీకి వంతెనలేదు. పిదపఁ బాతయానకట్టకు బదులుగాఁ గట్టిన బ్యారేజీమీఁదను దారి యేర్పడెను. 20వ శతాబ్ది యుత్తరార్ధమునఁ గాలువపడవలు తగ్గుచు వచ్చెను. వానిపని లారీ గ్రహించెను. లాకు, రైలు, లారీ యను మూఁడుమాటల వరుస గోదావరీమండలపు రవాణాచరిత్రమునకు సంగ్రహము.

తెలుఁగున లారీశబ్దరూపము

వర్ణవిషయమున మొదట నొకమాట. బ్రిటనువారి యుచ్చారణమున నీపదపు తొలియచ్చు హ్రస్వమై, అకారౌకారముల నడిమిదిగా నుండును. అట్టి యచ్చు తెలుఁగునఁ బ్రాయికముగా దీర్ఘాకారమగును. లాకు, డాక్టరు, ఆఫీసు, కాఫీ, ట్రాలీ, లారీ యనునవి యుదాహరణములు. తమిళకన్నడములును ‘లారి’ యనుచున్నవి. మలయాళము మాత్రము ‘లోరి’ యని యోకారమును గ్రహించినది. అట్లే వారు వైద్యుని ‘డోక్టర్’ అందురు. ఒకే యచ్చును సోదరభాషలు రెండువిధముల విన్నవని దీనివలనఁ దేలుచున్నది.

హలంతములగు నాంగ్లపదములు తెలుఁగున నుకారాంతములగును. హ్రస్వముమీఁది హల్లు ద్విరుక్తమగును: బస్సు, ట్రక్కు, పెన్ను. దీర్ఘముమీఁది హల్లు ద్విరుక్తము గాదు: లాకు, కారు, గ్లాసు. ఈ నియమమును బడిలో నెవ్వరును నేర్పలేదు; జనుల నాలుకయే యేర్పఱచుకొన్నది. సూత్రము లేకున్నను లక్ష్యము నియతముగా నుండుట వైయాకరణున కాదరణీయము.

లారీశబ్ద మజంతము గావున నుకారమును గోరదు. అయితే దీనియందొక విశేషము గలదు. సంస్కృతమునందలి ఈకారాంతస్త్రీలింగములు తత్సమములగునపుడు హ్రస్వాంతములగును: గౌరీ గౌరి, నదీ నది. బహువచనమున నికారమున కుత్వము వచ్చి ‘నదులు’ అగును. దేశ్యమగు బండిశబ్దము ‘బండ్లు’ అగును. లారీశబ్దమో యీ రెండుమార్గములను విడిచి ‘లారీలు’ అని దీర్ఘమును నిలుపుకొన్నది. ఇది కచేరీ, నౌకరీ, జమీందారీ మొదలగు యవనభాషాపదముల దారి. కావున నన్యదేశ్యములలోఁ బూర్వమే యేర్పడియున్న యొక వర్గమున నీ క్రొత్తపదము చేరినదని చెప్పవలెను. విభక్తివిషయమున మాత్రము ‘లారీకి, లారీలో, లారీమీఁద’ అని తెలుఁగుపదమువలెనే వర్తించును, లింగమున నమహత్తు.

తద్ధితమున నింకను గొఱఁత గలదు. పరిమాణార్థమున మనకు ‘ఎడు’ ప్రత్యయము గలదు: బండెడు కట్టెలు, గంపెడు మన్ను, చేరెడు బియ్యము. లారీపరిమితమగు నిసుకను సాధారణముగా ‘లారీలోడు’ అనియే యందురు. బండి మన మాటయగుటచేఁ బ్రత్యయమును వెంటనే ధరించినది. లారీ విభక్తులను ధరించియుఁ దద్ధితముకడ నాఁగినది. ఒక పరపదము భాషలో నెంతదూరము చొచ్చినదో కొలుచుటకిట్టివే కొలబద్దలు.

దుర్వ్యుత్పత్తినిరాసము

‘లాగు’ ధాతువునుండి లారీ వచ్చినదనియు, బరువులను లాగునది గావున నిది తెలుఁగుమాటయే యనియు వాదింప నుత్సహించువా రుండవచ్చును. దొరలుట యను నర్థముగల ‘లుఠ్’ ధాతువును సంస్కృతాభిమానులు చూపవచ్చును. ఈ రెండును నిలువవు. పదము వస్తువుతోఁగూడ బ్రిటనునుండి వచ్చినది. దానికాదేశమున 1838 నాఁటికే ప్రయోగము గలదు. గకారము రేఫమగుటకుఁ దెలుఁగున సూత్రముగాని లక్ష్యముగాని లేదు. ‘అక్ష’ ‘యాక్సిలు’ శబ్దముల బాంధవ్యము వర్ణానువర్ణముగ ననేకోదాహరణములచే నిర్ణీతమైనది. లాగు లారీల సామ్యము చెవికి మాత్రమే తోఁచునది. మొదటిదానికిఁ గల గౌరవమును రెండవదాని కిచ్చినచో నిరుక్తశాస్త్రమునకుఁ బరిహాసమే ఫలము. మన భాషపైఁ గల భక్తిచేతనైనను లేని చుట్టఱికమును గల్పింపరాదు.

అన్యదేశ్యములనుగూర్చి

పరభాషాపదములను వర్జించి క్రొత్తపదములు కల్పించుట మేలనువారు గలరు. రైలునకు ‘ధూమశకటము’ అను పేరు పెద్దలు గల్పించిరి. అది పుస్తకములలో నుండెను. జనులు రైలే యెక్కిరి. పొగబండి యను మాటయు నడచినది గాని, పొగ పోయినపిమ్మట నాపేరునకు నర్థము చెడినది. లారీకి ‘భారశకటము’ అన్నను నిదే గతి యగును.

అన్యదేశ్యమును గ్రహించుట మనకు నూతనము గాదు. పడవనడుపువారి ‘చుక్కాని’ యరబ్బీయగు ‘సుక్కాన్’ శబ్దమునుండి వచ్చినది. దాని నెవ్వరు పరాయిదందురు? సి. పి. బ్రౌను 1854లోనే తెలుఁగునఁ గలసిన యన్యభాషాపదములకుఁ బ్రత్యేకనిఘంటువును గూర్చెను. మన పండితులలోఁ బెక్కండ్రు కావ్యప్రయోగమునే ప్రమాణముగాఁ గొనుటచే నట్టి పని చాలకాలము వెనుకఁబడినది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన వ్యవసాయవృత్తిపదకోశము జనుల నోటిమాటలనే యాధారముగాఁ జేకొని యీ లోపమును గొంత దీర్చినది.

ఇందు నష్టపడునది లారీశబ్దము గాదు. దానిని నిఘంటువునఁ జేర్చినను జేర్పకున్నను జనులు వాడుదురు. నష్టపడునవి లారీ వచ్చుటచే మూలఁబడిన మాటలు. కాఁడి, నొగలు, ఇరుసు, కుండ, ఆకులు, శీల అను నెద్దుబండి యంగముల పేళ్లను నేఁటి బాలు రెఱుఁగరు. కాలువపడవల తెరచాపలకు, గడలకు, త్రాళ్లకుఁ గల పేళ్లు సరంగుల కుటుంబములలో వృద్ధులకే తెలియును. లారీ పుట్టుక తెలియకపోయినను దాని ప్రయాణమును మనము వ్రాఁతలచే గుర్తింపఁగలిగితిమి. వ్రాఁతకెక్కని యీ మాటలకట్టి యాధారమును మిగులదు. అవి పోయినచో, లర్రీక్రియకు మూలము తెలియక యాంగ్లనిఘంటుకారులు నేఁడు నిలిచిపోయినట్లు, మన తరువాతివారును నిలిచిపోవుదురు.

సిద్ధాంతము

పై విచారమువలనఁ దేలిన యంశములివి. లారీశబ్దము బ్రిటనుదేశమున రైలుదారులకుఁ జెందిన బల్లబండికిఁ బేరై, పిదప మోటారుబండికి సంక్రమించినది. దాని వ్యుత్పత్తి యనిశ్చితము. ‘లర్రీ’ క్రియనుండి వచ్చినదనుట యర్థసామ్యముచే నధికసంభావ్యము, నిశ్చితము మాత్రము గాదు. భారతీయరైలునిబంధనలలో దాని ప్రాచీనార్థము నిలిచియున్నది. తెలుఁగున నిది యన్యదేశ్యము; కచేర్యాదులతో సమానముగా దీర్ఘాంతమై, తెలుఁగువిభక్తులను గైకొని వ్యవహరింపఁబడుచున్నది. వ్యుత్పత్తి తెలియనిచోట నవ్యుత్పన్నప్రాతిపదికమని యంగీకరించుట పాణినీయులకు దోషము గాదు.

ధవళేశ్వరము మొదలుకొని సముద్రతీరముదాఁక నున్న భాషాభిమానులు తమతమ గ్రామములలోని వృద్ధులైన బండివాండ్రను, సరంగులను నడిగి, వారి వృత్తిపదములను సార్థముగా వ్రాసి యుంచినయెడల నిఘంటునిర్మాతలకు మహోపకారము చేసినవారగుదురు. రథమార్గమున బండ్లబారు పూర్తిగాఁ గడచిపోకమున్నే యీ పని జరుగవలసియున్నది.